ఆటకు ముందు, ఆట తరువాత: క్రీడాకారులకు మర్దన చేసే పద్ధతి

క్రీడాకారుడి ఒంటిమీద చేయి వేసే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, తరువాతి పోటీ లేదా కఠినమైన సాధన ఎప్పుడు అన్నది. గంటలో పందెం ఉన్న కాలికి, ఇప్పుడే పందెం ముగించిన కాలికి, మూడు రోజుల విశ్రాంతి ముందున్న కాలికి చేయవలసిన మర్దనలు మూడు వేర్వేరు పనులు. వేగం, ఒత్తిడి, వ్యవధి అన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మారతాయి. ఎంత నేర్పు ఉన్న చేతులైనా సమయం చూసుకోకపోతే మేలు చేయబోయి ఆటగాడి కాళ్లను బరువెక్కిస్తాయి.

మర్దన నుంచి ఏం ఆశించాలో కూడా ముందే స్పష్టంగా తెలిసి ఉండాలి. సాధన తరువాత కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన బయటకు పంపేస్తుందని మైదానాల్లో ఇప్పటికీ గట్టిగా చెబుతుంటారు, కానీ అది నిజం కాదు. శ్రమ వల్ల రక్తంలో పెరిగిన లాక్టేట్ (శరీరంలో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) ఊరకే కూర్చున్నా సుమారు గంటలో మామూలు స్థాయికి దిగుతుంది. నెమ్మదిగా నడిచినా, తేలికగా సైకిల్ తొక్కినా ఇంకా త్వరగా తగ్గుతుంది. మరునాడు మొదలై 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే ఒళ్లు నొప్పులకు కారణం వేరే ఉంది. వాలు దిగుతూ పరుగెత్తడం, బరువును మెల్లగా కిందికి దించడం వంటి పనుల్లో కండరం ఒకపక్క సాగుతూనే మరోపక్క బరువును ఆపవలసి వస్తుంది. అలవాటు లేనివారు అటువంటి శ్రమ చేసినప్పుడు కండర తంతువుల్లో సూక్ష్మమైన నష్టం జరుగుతుంది. ఆ నష్టానికి శరీరం స్పందించే తీరే ఆ నొప్పి.

2012లో వెలువడిన ఒక అధ్యయనంలో పదకొండు మంది యువకులచేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల కండరాల నమూనాలనూ పోల్చి చూశారు. మర్దన పొందిన కాలిలో వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి, లాక్టేట్‌లో మాత్రం తేడా కనిపించలేదు. 2020లో 29 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1012 మంది వివరాలను కలిపి చేసిన సమీక్షలో కూడా మర్దన వల్ల బలం, దూకే ఎత్తు, పరుగు వేగం, ఓర్పు పెరిగినట్టు తేలలేదు. కండరాలు సాగే గుణంలోనూ, శ్రమ తరువాతి నొప్పిలోనూ మాత్రం కొద్దిపాటి మేలు కనబడింది. వారానికి ఐదారు రోజులు సాధన చేసేవారికి ఈ కొద్దిపాటి మేలు చాలా విలువైనదని నా నమ్మకం. నొప్పి తగ్గితే మరునాటి కదలిక సరిగ్గా ఉంటుంది. పైగా క్రమంగా మర్దన చేసే చేతులకు, ఆటగాడికి ఇంకా తెలియని బిగువు ముందుగానే దొరుకుతుంది.

ఎవరికి చేయకూడదు

ఈ భాగాన్ని దాటవేసి పద్ధతుల్లోకి వెళ్లవద్దని మనవి. జ్వరం, అంటుకునే చర్మవ్యాధి, మానని గాయం, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు మర్దన చేయకూడదు. బెణుకు గాని, కండరం చీలిక గాని జరిగితే మొదటి 48 నుంచి 72 గంటలు ఆ చోటును వదిలేయాలి. తొడ ముందు భాగానికి బలమైన దెబ్బ తగిలి లోపల రక్తం చేరినచోట గట్టిగా పిసికితే, ఆ కండరంలో ఎముక వంటి పదార్థం పెరిగే ప్రమాదం ఉంది. కమిలిన తొడను నలిపితే త్వరగా తగ్గుతుందన్న ఆలోచన అందుకే ప్రమాదకరమైనది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, ఎర్రబడి నొప్పి పెడుతుంటే, ముఖ్యంగా సుదీర్ఘ ప్రయాణం తరువాత, సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అటువంటి కాలిని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణానికే ముప్పు తెస్తుంది కాబట్టి, ఆ వ్యక్తిని వెంటనే వైద్యుడి దగ్గరకు పంపాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారి విషయంలో వైద్యుడి అనుమతి తప్పనిసరి. పోటీ ముగిశాక మాట తడబడుతున్నవారిని, ఒళ్లు విపరీతంగా కాలిపోతున్నవారిని మర్దన బల్ల ఎక్కించకుండా వైద్య సిబ్బందికి అప్పగించాలి. తీవ్రమైన శ్రమ తరువాత కండరాలు వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది కూడా అత్యవసర పరిస్థితే.

ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా ఒత్తిడి పెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి: మోకాలి వెనుక గుంట, గజ్జలు, చంక, మెడ ముందు భాగం, వెన్నెముక పూసలు. పక్కటెముకల కింద నడుముకు ఇరువైపులా మూత్రపిండాలు ఉంటాయి కాబట్టి అక్కడ తట్టడం, గుద్దడం పనికిరాదు.

చేతులు, బల్ల, నూనె

బల్ల పక్కన నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు పిడికిలి కణుపులు బల్లను తాకేంత ఎత్తు ఉంటే సరిపోతుంది. బల్ల మరీ ఎత్తయితే ఒత్తిడి భుజాల నుంచి వస్తుంది, మరీ తక్కువైతే నడుము వంగిపోతుంది. ఒత్తిడి శరీరపు బరువు నుంచి రావాలి: ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడి, మోచేతులను దాదాపు నిటారుగా ఉంచి ముందుకు వాలితే చేతులకు శ్రమ ఉండదు. బొటనవేళ్లతోనే పని కానిచ్చేవారి కీళ్లు కొన్నేళ్లలో పాడవుతాయి. లోతైన ఒత్తిడికి పిడికిలిని గాని, ముంజేతిని గాని వాడడం అలవాటు చేసుకోవాలి.

బోర్లా పడుకున్నవారి చీలమండల కింద, వెల్లకిలా పడుకున్నవారి మోకాళ్ల కింద దిండు పెడితే కండరాలు వదులవుతాయి. నూనె చేయి జారేంత ఉంటే చాలు, చర్మం మెరిసేంత అక్కర్లేదు. గింజల నూనెలు పడనివారు ఉంటారు కాబట్టి ముందే అడగాలి. మర్దన చేసే భాగాన్ని మాత్రమే తెరిచి మిగతా ఒంటిని తువ్వాలుతో కప్పి ఉంచాలి, ఎక్కడ చేయి వేయబోతున్నదీ ముందుగా చెప్పాలి. ఆటగాడు మైనరయితే పెద్దవారు ఒకరు గదిలో ఉండాలి.

ప్రాథమికమైన చేతి పనులు నాలుగు. నిమరడంలో అరచేయి మొత్తం చర్మానికి అతుక్కుని పొడవుగా జారుతుంది. మొదలుపెట్టడానికి, ముగించడానికి, మధ్యలో కండరానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి ఇదే సాధనం. సిరల్లోని కవాటాలు రక్తాన్ని గుండె వైపుకే వెళ్లనిస్తాయి కనుక, ఒత్తిడితో నిమిరేటప్పుడు చేయి గుండె దిశగా సాగాలి, తిరిగి వచ్చేటప్పుడు తేలికగా తాకుతూ రావాలి. పిసకడంలో కండరాన్ని ఎముక నుంచి కొద్దిగా పైకెత్తి, నొక్కి, వదులుతాం. రుద్దడంలో వేలికొసలు చర్మం మీద జారకుండా చర్మంతో పాటే కదులుతూ లోపలి పొరను చిన్న చిన్న వలయాలుగా కదిలిస్తాయి. తట్టడంలో దోసిలి పట్టిన చేతులు గాని, వదులుగా ఉంచిన వేళ్ల అంచులు గాని వేగంగా తాకి లేస్తాయి. ఇది కండరాన్ని మేల్కొలిపే పని.

ఎంత ఒత్తిడి పెట్టాలన్నది ఆటగాడే నిర్ణయించాలి. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది వరకు లెక్కలో చెప్పమంటే ఆరు దాటకూడదు. కొందరు ఓర్చుకోవడాన్ని గొప్పగా భావించి నిజం చెప్పరు, కాబట్టి శరీరాన్ని గమనించాలి: ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్లు ముడుచుకున్నా, పిడికిలి బిగిసినా ఒత్తిడి ఎక్కువైనట్టే. నొప్పికి బిగుసుకున్న కండరాన్ని ఎంతసేపు నలిపినా అది వదులు కాదు.

పిక్క: ఒక కండరం మీద పూర్తి పని

పరుగెత్తేవారికి, దూకేవారికి అందరికన్నా ఎక్కువ అవసరమయ్యేది పిక్కల మర్దన. దీన్ని ఒక్కసారి సరిగ్గా నేర్చుకుంటే తక్కిన కండరాల మీద పని అర్థమవుతుంది. ఆటగాడు బోర్లా పడుకుని, చీలమండ కింద దిండు ఉండగా, మొదట మడమ పైభాగం నుంచి మోకాలి కింది వరకు రెండు అరచేతులతో రెండు నిమిషాలు నిమరాలి. మొదటి నిమరడాల్లో ఒత్తిడి దాదాపు ఉండదు. అప్పుడు చేతులు వెతుకుతూ ఉంటాయి. వేడిగా ఉన్న చోటు, తాడులా బిగిసిన చోటు, రెండో కాలితో పోలిస్తే తేడాగా ఉన్న చోటు గుర్తుపెట్టుకోవాలి. మోకాలి వెనుక గుంట దగ్గరికి రాగానే ఒత్తిడి పూర్తిగా తీసేయాలి.

తరువాత మూడు నాలుగు నిమిషాలు పిసకాలి. పిక్క పైభాగంలో లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి రెండు ముద్దలుగా కనిపించే కండరాన్ని ఒక్కో ముద్దగా పట్టుకుని, రెండు చేతులతో ఎదురు దిశల్లో, తడి గుడ్డను పిండినట్టు మెల్లగా మెలిపెట్టాలి. దాని కింద దాగి ఉన్న మరో చదునైన కండరం, సోలియస్, చాలామంది చేతికి అందదు. మోకాలిని వంచి పాదాన్ని పైకి నిలబెడితే పై కండరం వదులై దారి ఇస్తుంది. అప్పుడు పిక్క కింది సగంలో రెండు పక్కల నుంచీ వేలికొసలతో లోపలికి మెల్లగా ఒత్తవచ్చు. ఎక్కువ దూరాలు పరుగెత్తేవారి పిక్కనొప్పి తరచుగా ఇక్కడే ఉంటుంది. బిగువు దొరికిన చోట 20 నుంచి 30 సెకన్లు ఒత్తి ఉంచి, ఆటగాడిచేత పాదాన్ని పైకీ కిందికీ నెమ్మదిగా ఆడించాలి. మడమ వెనుక స్నాయువును గిల్లినట్టు నొక్కకుండా రెండు పక్కల నుంచి తేలికగా రుద్ది, చివరగా ఒక నిమిషం నిమిరి ముగించాలి.

తొడ వెనుక హామ్‌స్ట్రింగ్ కండరాలకు ఇదే వరుస వర్తిస్తుంది. పిరుదు కింద అవి ఎముకకు అతుక్కునే చోట మాత్రం ఒత్తిడి తగ్గించాలి. తొడ బయటి పక్కన పట్టీలా ఉండే ఐటీ బ్యాండ్‌ను ఫోమ్ రోలర్ (ఒంటి కింద పెట్టి దొర్లించే గట్టి నురుగు దిమ్మ) మీద వేసి నలపడం చాలామందికి అలవాటు. అది కండరం కాదు, దళసరి పొర. దాన్ని నొక్కి పొడిగించడం సాధ్యం కాదు. దాన్ని బిగించే పిరుదుల కండరాల మీద, తుంటి ముందు పక్క కండరం మీద పని చేస్తేనే ఉపశమనం దొరుకుతుంది. బంతి విసిరేవారికి, ఈతగాళ్లకు భుజపు రెక్క మీది కండరాలు, ఛాతీ కండరాలు రెండూ చూడాలి. రాకెట్ పట్టేవారికి ముంజేయి ముఖ్యం.

ఎప్పుడు, ఎంతసేపు

పోటీకి ముందు చేసే మర్దన పది, పదిహేను నిమిషాలు మించకూడదు. వేగంగా నిమరడం, తేలికగా పిసకడం, చివర్లో తట్టడం, అంతే. నెమ్మదైన లోతైన మర్దన జరుగుతున్నప్పుడు కండరానికి నాడుల ప్రేరణ తగ్గుతుంది. విశ్రాంతి రోజున అదే మనకు కావలసిన ఫలితం. పందెం ముందు అదే కాళ్లను మందగింపజేస్తుంది. ఈ మర్దన వార్మప్‌కు తోడు మాత్రమే, దానికి బదులు కాదు. చేతితో పరికరాన్ని పట్టుకునే ఆటల్లో నూనె వాడకూడదు, వాడితే పూర్తిగా తుడిచేయాలి.

పోటీ ముగిశాక ముందు ఆటగాడు నడిచి, నీళ్లు తాగి, ఊపిరి సర్దుకోవాలి. ఆ తరువాత ఒకటి రెండు గంటల లోపు 15 నుంచి 30 నిమిషాలు, గుండె వైపుకు నెమ్మదిగా నిమరడం, మెత్తగా పిసకడం సరిపోతుంది. ఈ దశలో లోతుగా నొక్కడం ఇప్పటికే దెబ్బతిన్న తంతువులను ఇంకా నొప్పించడమే. బల్ల మీదే పిక్క పట్టేస్తే దాన్ని పిసకడానికి ప్రయత్నించవద్దు: మోకాలిని చాచి, పాదాన్ని ముక్కు వైపుకు మెల్లగా వంచి, కండరం వదిలేదాకా పట్టి ఉంచి, ఆ తరువాత నిమరాలి.

లోతైన మర్దనకు తగిన సమయం పోటీ ముగిసిన రెండు మూడు రోజుల తరువాత, లేదా తరువాతి పోటీకి కనీసం రెండు మూడు రోజుల ముందు. అలవాటు లేనివారికి పోటీ ముందురోజున మొదటిసారిగా లోతైన మర్దన ఎప్పుడూ చేయకూడదు.

సాయం చేసేవారు లేనప్పుడు ఫోమ్ రోలర్, టెన్నిస్ బంతి ఉపయోగపడతాయి. రోలర్ మీద ఒక్కో కండరానికి 30 నుంచి 60 సెకన్లు, నెమ్మదిగా కదులుతూ ఉండాలి. నడుము వెన్నెముక మీద దొర్లించవద్దు. అరికాలికి కూర్చుని బంతిని దొర్లిస్తే చాలు. భుజపు రెక్కకు బంతిని గోడకూ వీపుకూ మధ్య పెట్టి వాలవచ్చు. మసాజ్ గన్‌ను (కండరాన్ని వేగంగా తట్టే చేతి యంత్రాన్ని) తక్కువ వేగంతో, ఒక్కో కండరం మీద ఒకటి రెండు నిమిషాలు మాత్రమే, ఎముకలకూ మెడ ముందు భాగానికీ దూరంగా వాడాలి.

మర్దన చేసిన మరునాడు ఆటగాడిని పలకరించి ఎలా ఉందో అడిగి రాసిపెట్టుకోవాలి. ఒత్తిన చోట కొద్దిపాటి నొప్పి ఒక రోజు ఉండవచ్చు. చర్మం కమిలినా, నొప్పి రెండు రోజులు దాటినా తరువాతిసారి ఒత్తిడిని సగానికి తగ్గించాలి. ఒకే చోట బిగువు మూడు నాలుగు మర్దనల తరువాత కూడా తిరిగి వస్తుంటే, అక్కడ ఇంకా గట్టిగా నొక్కడం మానేసి ఫిజియోథెరపిస్ట్‌కు చూపించాలి; అసలు కారణం తరచుగా పక్క కీలులోనో, పరుగెత్తే తీరులోనో, హఠాత్తుగా పెంచిన సాధనలోనో ఉంటుంది.