పెదనాన్నగారి పాత ఒపినెల్ మడతకత్తి: దాచాలా, వాడాలా?

పెదనాన్నగారు ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న మడతకత్తి తుప్పు పట్టి నా చేతికి వచ్చినప్పుడు, అది ఏ కాలానిదో తేల్చుకోకుండా సానపట్టకూడదని నిశ్చయించుకున్నాను. బ్లేడుపై కిరీటం, దాని కింద ఆశీర్వదించే చెయ్యి కనిపించాయి. అది 1890లో ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో మొదలైన ఒపినెల్ సంస్థ గుర్తు. బ్లేడు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు కనుక అది ఆ సంస్థ సైజుల్లో ఎనిమిదో నంబరు. పిడి మొదట్లో తిరిగే లోహపు ఉంగరం 1955లో వచ్చినది. ఆ ఉంగరం తెరిచిన బ్లేడును మాత్రమే బిగించి, మూసినదాన్ని బిగించకపోవడం వల్ల, 2000కు ముందుదని తేలింది. ఇలాంటివి విరివిగా తయారయ్యాయి కనుక, వాడితే విలువ పోతుందన్న బెంగ నాకు లేకపోయింది.

అసలు పరీక్ష భద్రతది. ఉంగరం తిప్పి, బ్లేడు వీపును చెక్కకు ఆనించి నొక్కితే కదలలేదు. సన్నని ఎమెరీ కాగితానికి కుట్టుమిషన్ నూనె రాసి రుద్దగా ఎర్రటి తుప్పు పోయింది, లోతైన గుంటలేవీ బయటపడలేదు. సబ్బుతో కడిగి, వెంటనే తుడిచి, సానరాయిపై నూరాను. ఇది కార్బన్ ఉక్కు కావడంతో మామిడికాయ కోయగానే అంచు నల్లబడింది. ఆ నలుపు హానికరం కాదు, తుప్పు కాదు. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడిని మాత్రం నీళ్లలో నాననివ్వకూడదు, ఉబ్బితే బ్లేడు తెరుచుకోవడం కష్టం. ఇప్పుడది మా వంటింట్లో పండ్లు కోయడానికి ఉంది.