స్నోబోర్డ్ బూటులో మడమ లేస్తుంటే: నాకు పనిచేసిన పద్ధతి

టో సైడ్ మలుపు (కాలివేళ్ల వైపు అంచు మీద తిరగడం) తిప్పినప్పుడల్లా బూటులో మడమ పైకి లేచేది, బోర్డు ఆలస్యంగా తిరిగేది. రెండు జతల సాక్సులు, మందపాటి ఇన్‌సోల్, కాలు తిమ్మిరెక్కేలా లేసులు బిగించడం, ఏదీ పనిచేయలేదు.

ముందు సైజు తేల్చాను. గోడకి మడమ ఆనించి నిలబడి కొలిచిన పాదం పొడవే మోండో సైజు, అంటే మిల్లీమీటర్లలో బూటు సైజు: 26.5 సెంటీమీటర్లైతే 265. లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) తీసేసి, ఖాళీ షెల్‌లో (బయటి గట్టి భాగంలో) వేళ్లు ముందుకి తాకిస్తే మడమ వెనక ఒకటిన్నర వేలు సందుంది. షెల్ సరైనదే.

ఇక అసలు పని జె-బార్లది, అంటే జె ఆకారపు ఫోమ్ ముక్కలు. లైనర్ ఒక్కటే తొడుక్కుని చీలమండ ఎముక చోటు బయట మార్కర్‌తో గుర్తుపెట్టాను. జె వంపు చీలమండ ఎముక కిందుగా, దాని నిలువు కాడ మడమ వెనక స్నాయువు పక్కగా వచ్చేలా లైనర్ బయటివైపు, రెండు పక్కలా అంటించాను. ఎముక మీదికెక్కితే నొప్పి భరించలేం. లోపల అంటిస్తే రాసుకుని ఊడొస్తుంది.

ఒకే పల్చటి సాక్సు. మడమ నేలకి కొట్టి వెనక్కి కూర్చోబెట్టి, మొదట లైనర్, తర్వాత చీలమండ దగ్గర, చివర పైన బిగించాలి.

నాది సన్న మడమ, అందుకే కుదిరిందేమో. షెల్లే పెద్దదైతే ఇది లాభం లేదు. ఫోమ్ కూడా వాడగా అణుగుతుంది, మళ్లీ మార్చుకోవాలి.