స్కైరిమ్ చప్పబడినప్పుడు

2011 నవంబరులో విడుదలైన స్కైరిమ్ అనే వీడియో గేమ్‌ను ఏళ్ల తరబడి ఆడుతున్నవారికి, ఏ కొత్త పాత్రతో మొదలుపెట్టినా చివరికి చీకట్లో నక్కి బాణాలు వేసేవాడిగానే తేలడం, మ్యాపు మీద ఒక్క నొక్కుతో ఊళ్లు దాటేయడం అలవాటైపోయి ఆట చప్పబడుతుంది. కొత్త మోడ్‌ల (ఆటను మార్చేందుకు అభిమానులు తయారుచేసే చేర్పుల) కోసం వెతికే ముందు ఆ ఒక్క నొక్కు ప్రయాణాన్ని, అంటే ఫాస్ట్ ట్రావెల్‌ను పూర్తిగా మానుకొని చూడండి. దూరం వెళ్లాలంటే నగరం బయట గుర్రపుశాల దగ్గర ఆగి ఉండే బండివాడికి డబ్బు చెల్లించాలి, లేదంటే నడవాలి. ఆటలోని జర్నల్‌లో క్వెస్టులన్నిటికీ (ఆట అప్పగించే పనులకు) టిక్కు తీసేస్తే దిక్సూచి మీది క్వెస్టు గుర్తులు కూడా మాయమవుతాయి కాబట్టి, ఇక దారి చెప్పేవి కూడళ్లలోని చెక్క పలకలే.

ఇలా ఆటలోని రివర్‌వుడ్ అనే ఊరి నుంచి ఏటి వెంబడి నడుస్తూ, ఎదుట మైదానం విచ్చుకొని వైట్‌రన్ నగరపు గుట్ట మీది డ్రాగన్స్‌రీచ్ కోట కనబడిన మలుపులో నేను కాసేపు ఆగిపోయాను; అంతకుముందు లెక్కలేనన్నిసార్లు చేరిన ఊరే అది.

విల్లును మాత్రం మొదటే అమ్మేయండి, దగ్గరుంటే చేయి ఊరుకోదు. కొన్ని క్వెస్టులలో ఎక్కడికి వెళ్లాలో ఎవరూ మాటల్లో చెప్పరు గనుక, వాటి వరకు గుర్తును మళ్లీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.