దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థికి మెంటర్‌గా ఉండటం ఎలా?

తార్నాకలో గది కోసం తిరుగుతుంటే "ఓన్లీ వెజిటేరియన్స్" అన్న టు-లెట్ బోర్డు దగ్గర నేను మెంటర్‌గా ఉన్న జొహన్నెస్‌బర్గ్ కుర్రాడు ఆగిపోయాడు. "ఇది తిండి గురించేనా సార్?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. "మా దగ్గర అలాంటివేం లేవు" అనేసి ఉంటే మాత్రం ఇక నా మాట నమ్మేవాడు కాదు. రంగును బట్టి పేటలు విడిపోయిన ఊళ్లో పెరిగినవాళ్లు ఇలాంటి బోర్డులను మనకంటే త్వరగా చదువుతారు.

1. వాళ్లు వచ్చేలోపు కాస్త చదువుకోండి

అపార్థీడ్ అంటే రంగును బట్టి జనాన్ని విడదీసిన తెల్లవాళ్ల పాలన. అందులో భాగంగా అక్కడ 1950లో జనాన్ని జాతులవారీగా నమోదు చేసే చట్టం తెచ్చారు. ఎవరు ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టమూ అదే ఏడాది వచ్చింది. జుట్టులో పెన్సిల్ దూర్చి, అది జారిపడుతుందో లేదో చూసి జాతి తేల్చిన సందర్భాలున్నాయి. 1994 ఎన్నికలతో ఆ పాలన పోయింది, పేటలు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. మీ విద్యార్థి ఆ తర్వాత పుట్టినవాడు. "అపార్థీడ్ ఎలా ఉండేది?" అని వాణ్ణి అడిగితే ఏం చెబుతాడు?

2. చూసి లెక్కేయకండి

"కలర్డ్" అన్న మాట అమెరికాలో అవమానం, దక్షిణాఫ్రికాలో మిశ్రమ మూలాలున్న ఒక సముదాయం పేరు. వాళ్లలో చాలామందికి ఆఫ్రికాన్స్ మాతృభాష. అదే భాషను బళ్లలో రుద్దినందుకే 1976లో జొహన్నెస్‌బర్గ్ దగ్గరి సొవెటోలో నల్లజాతి పిల్లలు వీధికెక్కారు. కాబట్టి ఒకే దేశం వాళ్లు కదా అని ఇద్దరిని అడగకుండా ఒకే గదిలో వేయొద్దు. డర్బన్ నుంచి ఏ నాయుడో వస్తే "తెలుగు రాదా?" అని నిలదీయకండి. 1860 నుంచి చెరకు తోటలకు ఓడల్లో వెళ్లిన కూలీల మునిమనవడు కావచ్చు.

3. అద్దె ఇంటికి ముందు మీరే ఫోన్ చేయండి

విద్యార్థి ఎక్కడివాడో ఓనర్‌కు ఫోన్‌లోనే చెప్పేయండి. కాదనేదేదో మీతోనే అంటాడు, కుర్రాడు గేటు దగ్గర వినక్కర్లేదు. కానీ ఆ సంగతి కుర్రాడి దగ్గర దాచొద్దు. విదేశీయుడు దిగితే ఆన్‌లైన్‌లో తెలపాలి కాబట్టి కొందరు ఓనర్లకు అదో టెన్షన్. కాగితాలన్నీ పట్టుకుని మీరూ వెంట వెళితే సగం భయం పోతుంది. మిగతా సగం తిండా, కులమా, రంగా అన్నది కుర్రాడికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది, చెప్పండి.

4. మాటల సంగతి

మన ఇళ్లలో "నల్లోడా" అని ముద్దుగానే పిలుస్తాం. ఆ ముద్దు వాడు భరించక్కర్లేదు. మాటకు అర్థం వాడికి చెప్పండి, మానేయమని క్లాసువాళ్లకు చెప్పండి. ఏదైనా గొడవ జరిగితే "లైట్ తీస్కో" అనకుండా, ఏం చేద్దామనుకుంటున్నావని అడగండి. తేదీ, చోటు రాయించి పెట్టండి.

5. ఒక సాయంత్రం ఏసీ గార్డ్స్ తీసుకెళ్లండి

మాసబ్ ట్యాంక్ పక్కనే. ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ, అంటే గుర్రపు దళం. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ సైనికుల వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడ ఉన్నారు. పాతబస్తీ బరాత్‌లలో మోగే మర్ఫా వెనక యెమెన్ అరబ్బులతో పాటు వాళ్లూ ఉన్నారు. మా కుర్రాడు ఆ దరువు రికార్డు చేసి వాళ్లమ్మకు పంపాడు. ఇంకోసారి ఎప్పుడు వెళ్దామని వారానికోసారి అడుగుతున్నాడు.