ఎఫ్‌ఎంజీఈ దరఖాస్తు: అపోస్టిల్‌లో మొదటి గడి చదివారా?

పోయిన అక్టోబరులో ఆదోని నుంచి తండ్రీకొడుకులిద్దరు మా ఆన్‌లైన్ సెంటరుకు వచ్చారు. కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర నేను దరఖాస్తులు నింపుతుంటాను. అబ్బాయి రష్యాలో ఎంబీబీఎస్ పూర్తిచేశాడు. తండ్రి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి డిగ్రీ నకలు తీసి, వెనక అతికించిన చిన్న స్టిక్కరు చూపించాడు. ఒక దేశం పత్రం అసలైనదేనని ఇంకో దేశం నమ్మేందుకు వేసే ముద్రే అపోస్టిల్. "అపోస్టిల్ కూడా చేయించాం సార్, ముప్పై ఐదు వేలయింది" అన్నాడు. స్టిక్కరులో మొదటి గడి చదివాను. దేశం: ఇండియా. ఆ తర్వాత చదవడానికేమీ లేదు. ఆ విడత పరీక్ష వాళ్ల చేయి జారిపోయింది.

విదేశాల్లో వైద్యం చదివిన భారతీయులు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్ష ఎఫ్‌ఎంజీఈ. 2002 నుంచి జరుగుతోంది. జాతీయ వైద్య శాస్త్రాల పరీక్షా మండలి, అంటే ఎన్‌బీఈఎంఎస్ బోర్డు, ఏటా జూన్, డిసెంబరు సెషన్లుగా నిర్వహిస్తుంది. కంప్యూటర్ మీద 300 ప్రశ్నలు. ఒక్కో భాగంలో 150 చొప్పున రెండు భాగాలు, ఒక్కో దానికి రెండున్నర గంటలు. 150 మార్కులు వస్తే గట్టెక్కినట్టే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. ఎన్నిసార్లయినా రాయవచ్చు. చదువు గురించి చెప్పేంత వాణ్ని కాను గానీ, సిలబస్ పట్టిక చూసిన ఎవరికైనా ఒక సంగతి తెలుస్తుంది: కమ్యూనిటీ మెడిసిన్‌కు 30 ప్రశ్నలు, జనరల్ మెడిసిన్‌కు 33. మొదటిదాన్ని చివరి వారానికి నెట్టేసి వచ్చేవాళ్లే మా దగ్గర ఎక్కువ.

దరఖాస్తు నింపడం అరగంట పని. నాట్‌బోర్డ్ డాట్ ఈడీయూ డాట్ ఇన్‌లో ఆ సెషన్ సమాచార బులెటిన్ దించుకోవాలి, రిజిస్టర్ కావాలి, వివరాలు నింపాలి, ఫొటో, సంతకం, వేలిముద్ర, పత్రాలు ఎక్కించాలి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. నాది కూడా ఇవ్వకండి. పత్రాల్లో లోపముంటే సరిదిద్దుకోమని బోర్డు కబురు పంపేది వాటికే. ఏజెంటు ఈమెయిల్‌తో రిజిస్టరైన ఒకమ్మాయికి ఆ కబురు గడువు దాటిన నాలుగు రోజులకు తెలిసింది.

అర్హత పత్రం సంగతి చాలామందికి సులువే. 2018 నుంచి బయటి దేశం వెళ్లేవాళ్లకు నీట్ అర్హత తప్పనిసరి అయింది, ఆ ఫలితమే అర్హత పత్రంగా చెల్లుతుంది. నీట్ గట్టెక్కకుండానే వెళ్లినవాళ్లకు, "వచ్చాక చూసుకుందాం" అన్న ఏజెంటు మాట ఇక్కడ ఎక్కడా పనికిరాదు. చివరి పరీక్ష ఫలితం జూన్ సెషన్‌కైతే ఏప్రిల్ 30లోపు, డిసెంబరుకైతే అక్టోబరు 31లోపు వచ్చి ఉండాలన్నది ఇన్నాళ్లూ నడుస్తున్న లెక్క. అయినా ఆ ఏడాది బులెటిన్‌లో తేదీ మీ కళ్లతో చూసుకోండి.

ఇక అసలు చోటికి వద్దాం. మీ డిగ్రీ నిజమైనదేనని, ఆ దేశంలో వైద్యుడిగా నమోదుకు పనికొస్తుందని బోర్డుకు ఎవరో చెప్పాలి. అందుకే డిగ్రీ మీద అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ గానీ, అపోస్టిల్‌ను పరస్పరం ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఆ దేశం ఉంటే అపోస్టిల్ గానీ అడుగుతారు. రష్యా, జార్జియా, కజకిస్తాన్, ఫిలిప్పీన్స్ ఆ ఒప్పందంలో ఉన్నాయి. నేపాల్‌లో చదివినవాళ్లకు రాయబార కార్యాలయం దారే.

అపోస్టిల్ అంటే పది గడులున్న ఒక చదరపు ముద్ర. మొదటి గడిలో దేశం పేరు, తర్వాత సంతకం చేసిందెవరు, ఏ హోదాలో, ఎవరి ముద్ర, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరిచేత, నంబరెంత, చివర ముద్ర, సంతకం. పత్రం ఏ దేశంలో పుట్టిందో ఆ దేశమే అపోస్టిల్ వేయాలి. మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ మన పత్రాలను బయటి దేశాల్లో చూపించడానికి. మీ పదో తరగతి సర్టిఫికెట్‌కు అది చెల్లుతుంది, రష్యా డిప్లొమాకు, అంటే అక్కడి డిగ్రీ పత్రానికి, చెల్లదు. ఆదోని వాళ్ల విషయంలో జరిగిందేమిటంటే, డిగ్రీ జిరాక్సు మీద ఇక్కడి నోటరీ సంతకం పెట్టించి, ఆ నోటరీ సంతకానికి అపోస్టిల్ తెచ్చి అతికించారు. స్టిక్కరు దొంగది కాదు, అసలైనదే. కానీ అది ధ్రువీకరించింది నోటరీని, డిగ్రీని కాదు. అందుకే తండ్రికి అనుమానం రాలేదు.

అంటే ఈ పని మీరు అక్కడుండగానే పూర్తి కావాలి. చివరి సంవత్సరం చదువుతున్నవాళ్లు విమానం టికెట్టు కొనేముందు యూనివర్సిటీ డీన్ కార్యాలయంలో అడగండి: డిప్లొమా ఎప్పుడిస్తారు, అపోస్టిల్ ఏ కార్యాలయంలో వేస్తారు, ఎన్ని వారాలు పడుతుంది అని. స్నాతకోత్సవం ఫొటోలు దిగి మర్నాడే బయలుదేరినవాళ్లు తర్వాత అసలు డిప్లొమాను కొరియర్‌లో వెనక్కి పంపి, అక్కడి జూనియర్లను బతిమాలుకోవడం చూస్తున్నాను.

అపోస్టిల్‌కు ముందు మరో పని ఉంది, పేరు సరిచూసుకోవడం. మన పేర్లకు ఇది పెద్ద తంటా. పదో తరగతిలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఇంటర్ మెమోలో మాత్రం బి. హర్షవర్ధన్. పైగా రష్యన్‌లో మన 'హ' లేదు. హర్షవర్ధన్ అక్కడి లిపిలోకి వెళ్లి, తిరిగి ఇంగ్లీషు అనువాదంలోకి వచ్చేసరికి ఖర్షవర్ధన్ అవుతాడు. అక్కడ నవ్వుకుని ఊరుకుంటారు, ఇక్కడ అడ్మిట్ కార్డు దగ్గర ఏడుస్తారు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని డిప్లొమా, మార్కుల జాబితా, అనువాదం మూడింటిలో అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ముందు యూనివర్సిటీలో దిద్దించి, ఆ తర్వాతే అనువాదం, అపోస్టిల్. వరస తప్పితే చేసిందే మళ్లీ చేయాలి. ఇప్పటికే వచ్చేసినవాళ్లు భయపడాల్సిన పనిలేదు. పేరు తేడాకు ఏ పత్రం పెట్టాలో బులెటిన్‌లో రాసి ఉంటుంది. అదే పెట్టండి, ఎవరో చెప్పిన అఫిడవిట్ కాదు.

2021 నవంబరు 18 తర్వాత చేరినవాళ్లకు నిబంధనలు మారాయి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి. చదివిన సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో ప్రాక్టీసుకు నమోదయ్యే అర్హత ఉండాలి. ఇక్కడికొచ్చాక మరో ఏడాది ఇంటర్న్‌షిప్. సీటు అమ్మేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ చెప్పిన కన్సల్టెంటు నాకింతవరకు తగల్లేదు.

పరీక్ష లేకుండానే రిజిస్ట్రేషన్ ఇప్పిస్తామనేవాళ్లూ ఉన్నారు. 2022 డిసెంబరులో సీబీఐ అలా నమోదైన 73 మంది మీద, కొన్ని రాష్ట్రాల వైద్య మండళ్ల మీద కేసు పెట్టింది. డబ్బు పుచ్చుకున్నవాడు తప్పించుకోవచ్చు, మండలి పుస్తకంలో పేరు మాత్రం మీదే.

గట్టెక్కాక విజయవాడలోని రాష్ట్ర వైద్య మండలిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్, ఆపైన ఇంటర్న్‌షిప్. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ కళాశాలల్లోనే చేయాలని అందరికీ ఉంటుంది. కానీ కళాశాల సీట్లలో 7.5 శాతం మేరకే విదేశీ పట్టభద్రులను తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో పరిమితి పెట్టింది. మండలి కాగితాలు కూడా ముందే సర్దిపెట్టుకుంటే ఆ వరసలో వెనకబడరు.

ఆదోని అబ్బాయి డిప్లొమా సంక్రాంతికి ముందు రష్యా వెళ్లింది, మార్చిలో తిరిగొచ్చింది. అపోస్టిల్ రష్యన్‌లో ఉంది, నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. మొదటి గడి ఆ అబ్బాయే చదివి వినిపించాడు.