బావకి రాక్ పుస్తకం, అక్కకి ఆటిజం పుస్తకం: ఎలా ఎంచాలంటే

ఆటిజం అని డాక్టరు చెప్పినప్పుడు మా మేనల్లుడికి మూడేళ్లు. అదే వారం నేను ఒక పుస్తకం కొని అక్క చేతిలో పెట్టాను. ఒక తల్లి పట్టుబట్టి తన కొడుకుని ‘మామూలు పిల్లాడి’గా మార్చుకున్న కథ అది. నేను చదవలేదు, వెనక అట్ట మీద రాసింది చూసి కొన్నాను. అక్క రెండు రాత్రుళ్లు కూర్చుని చదివింది. మూడో రోజు పొద్దున్నే, "ఒరేయ్, ఆవిడ చెయ్యగలిగింది నేను చెయ్యలేకపోతే తప్పు నాదేనా?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మేం ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాళ్లం. మారతహళ్లిలో ఒకే బిల్డింగులో కింద నేను, పైన అక్క వాళ్లు. మేనల్లుడికి ఇప్పుడు పదకొండేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో పుస్తకాలు ఇస్తూ, కొన్ని వెనక్కి తీసుకుంటూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

చివరి పేజీ దాకా మీరు చదవని పుస్తకం ఎవరికీ ఇవ్వకండి. డయాగ్నసిస్ వచ్చిన మొదటి రెండు మూడు నెలలు అసలే వద్దు. అప్పుడు ఆ ఇంట్లో నిద్ర ఉండదు, ఫోన్ నిండా చుట్టాల సలహాలు ఉంటాయి. కూర వండి పట్టుకెళ్లండి, రెండు గంటలు పిల్లాణ్ని చూసుకోండి. వాళ్లంతట వాళ్లు "మనలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగే రోజు వస్తుంది. పుస్తకం ఇవ్వాల్సింది అప్పుడు.

తర్వాత చూడాల్సింది, పుస్తకం ఏ ఏడాదిదో. లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల్ని పరిశీలించి ఆటిజం గురించి రాసింది 1943లో. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. అది తప్పని తర్వాత తేలింది. కానీ పాత పుస్తకాల్లో ఆ వాసన ఇంకా ఉంటుంది. ముందే చెప్పకుండా ఇస్తే చదివిన తల్లి కుమిలిపోతుంది.

ఆ రోజుల్లోనే, 1967లో, క్లారా క్లైబోర్న్ పార్క్ అనే అమెరికన్ తల్లి ‘ది సీజ్’ రాసింది. ఆటిజం ఉన్న తన చిన్న కూతురి మొదటి ఎనిమిదేళ్ల కథ. కూతురు ఏం చేసిందో, తను ఏం ప్రయత్నించిందో, ఏది పని చెయ్యలేదో, అన్నీ ఓపిగ్గా రాసుకుంటూ పోయింది. అందులో అద్భుతాలు లేవు. రెండోసారి అక్కకి నేనిచ్చింది ఇదే. కొన్ని మాటలు పాతబడ్డాయి, అవి ముందే చెప్పాను. 2001లో ఆవిడే ‘ఎగ్జిటింగ్ నిర్వాణ’ రాసింది. అప్పటికి ఆ అమ్మాయి పెద్దదై, కాలేజీలో ఉత్తరాలు సర్దే ఉద్యోగం చేస్తూ, రంగురంగుల బొమ్మలు వేస్తోంది. మొదటి పుస్తకంలో కూతురి పేరు మార్చి రాసిన తల్లి, రెండోదానిలో అసలు పేరు వాడింది. ఈ తేడా గమనించండి. పిల్లల గురించి రాసేవాళ్లు వాళ్ల మర్యాద ఎలా కాపాడుతున్నారో చూడటం నాకు చాలా ముఖ్యం. మా వాణ్ని ఇక్కడ చిన్నా అంటాను, అసలు పేరు రాయను.

ఇక బావ. కాలేజీలో డ్రమ్స్ వాయించేవాడు. ఆటిజం అన్న మాట వస్తే లేచి వెళ్లిపోయేవాడు. థెరపీ ఫీజులు ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు, కానీ నోరు విప్పేవాడు కాదు. అలాంటి మనిషి ఆటిజం పుస్తకం ముట్టుకోడు. అందుకని అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆత్మకథ ‘బార్న్ టు రన్’ ఇచ్చాను. 2016లో వచ్చింది, 500 పేజీలు. బావ పాటల కోసం మొదలుపెట్టాడు. కానీ ఆ పుస్తకంలో నన్ను పట్టుకుంది తండ్రి. రాత్రుళ్లు చీకటి వంటింట్లో ఒక్కడే కూర్చుని, కొడుకుతో మాట్లాడని తండ్రి. మానసిక జబ్బు ఉందని చాలా ఆలస్యంగా తెలిసిన తండ్రి. తనకొచ్చిన డిప్రెషన్ గురించి కూడా స్ప్రింగ్‌స్టీన్ దాచకుండా రాశాడు.

ఒక రాత్రి బావ కిందకి దిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "వాళ్ల నాన్నలాగే నేనూ చీకట్లో కూర్చుంటున్నాను రా," అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మర్నాడు స్పీచ్ థెరపీ సెషన్‌కి చిన్నాని తనే తీసుకెళ్లాడు.

అందుకే చెబుతున్నా, ఇష్టమైన దారిలోంచే మనిషిని తీసుకెళ్లాలి. రాక్ సంగీతం తెలియనివాళ్లకైతే గాయని పాటీ స్మిత్ జ్ఞాపకాల పుస్తకం ‘జస్ట్ కిడ్స్’ ఇవ్వండి. 2010లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. డబ్బు లేని రోజుల్లో ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు ఎలా కాచుకున్నారో అందులో ఉంది.

ఆటిజం ఉన్నవాళ్లు స్వయంగా రాసినవి తప్పకుండా చదవాలి. టెంపుల్ గ్రాండిన్ 1995లో రాసిన ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’తో మొదలుపెట్టండి. తన ఆలోచన మాటల్లో కాక బొమ్మల్లో నడుస్తుందని ఆవిడ వివరిస్తుంటే, చిన్నా కుక్కర్ విజిల్‌కి చెవులెందుకు మూసుకుంటాడో కూడా నాకు కొంత అర్థమైంది. జపాన్ కుర్రాడు నవోకి హిగాషిదా రాసిన ‘ది రీజన్ ఐ జంప్’ చాలామంది బహుమతిగా ఇస్తుంటారు. అక్షరాల పలక చూపిస్తూ రాయించే పద్ధతిలో ఆ మాటలు ఎంతవరకు పిల్లాడివే అన్న అనుమానం కొందరు నిపుణులకి ఉంది. ఆ సంగతి చెప్పే ఇవ్వండి, లేకపోతే మాటలు రాని పిల్లాడి తల్లికి లేనిపోని ఆశ పుడుతుంది.

కొనడానికి నేను ఎంజీ రోడ్ మెట్రో దిగి చర్చ్ స్ట్రీట్‌కి నడుస్తాను. అక్కడ పాత పుస్తకాలు బాగా దొరుకుతాయి. మొదటి పేజీ చూడకండి, అది అందరూ బాగానే రాస్తారు. మధ్యలో ఎక్కడో తెరిచి నాలుగు పేజీలు నిలబడే చదవండి. ఆ పేజీల్లో పిల్లాడు ఏదైనా చేస్తున్నాడా, లేక పెద్దవాళ్ల ఏడుపే ఉందా? రాక్ పుస్తకమైతే వాయిద్యం ఎలా నేర్చుకున్నాడో ఉందా, లేక పార్టీల చిట్టానా? నాలుగు పేజీల్లో తెలిసిపోతుంది.

అక్కకి ఇంగ్లీషు వచ్చు, కానీ రాత్రి తొమ్మిదయ్యేసరికి ఓపిక ఉండదు. అందుకని రోజుకి రెండు పేజీలు చదివి, నా మాటల్లో తెలుగులో చెప్పి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాను. చపాతీలు ఒత్తుకుంటూ వింటుంది. "ఇక్కడ ఆపు, ఇది మన ఇంట్లోదే" అని ఒక్కోసారి తిరిగి పంపుతుంది. ఆ చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను.

ఇలాంటి పిల్లలున్న ఇంటికి పేపర్‌బ్యాక్ కొనండి. చిన్నా పుస్తకాన్ని చెంపకి దగ్గరగా పెట్టుకుని బొటనవేలితో పేజీలన్నీ ఒక్కసారిగా వదులుతాడు. సర్రుమని గాలి తగిలితే కళ్లు మూసుకుంటాడు. గట్టి అట్ట ఒకసారి వాడి కనుబొమ్మకి తగిలింది. ఎక్కువ పేజీలుంటే గాలి ఎక్కువసేపు వస్తుంది కాబట్టి వాడికి ఇష్టం స్ప్రింగ్‌స్టీనే. బావ తన కోసం ఇంకో కాపీ కొనుక్కున్నాడు.