తెర ముందు కౌన్సెలింగ్ – 4వ పాఠం: మాట ఆగినప్పుడు

సెషన్ మొదలుపెట్టే ముందు అడగాల్సినవి గత పాఠంలో చూశాం: క్లయింట్ ఇప్పుడు ఎక్కడున్నారు, మాటలు వినబడేంత దూరంలో ఇంకెవరైనా ఉన్నారా, కాల్ తెగితే ఏ నంబరుకు చెయ్యాలి, అత్యవసరమైతే ఎవరిని పిలవాలి. ఇవి ఇంకా నోటికి రాకపోతే ముందు వాటి సంగతి చూడండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఎదురుగా కూర్చున్న మనిషి మాట ఆపితే ఎందుకు ఆపారో చాలావరకు కనబడుతూనే ఉంటుంది. వీడియోలో అదే మౌనం వస్తే ముందు పుట్టే అనుమానం ఒక్కటే: నెట్ పోయిందా? మన మీద క్లయింటుకూ అదే అనుమానం. మామూలు కబుర్లలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ. 10 భాషలను పోల్చి 2009లో వెలువరించిన ఒక అధ్యయనంలో అది సుమారు సెకనులో అయిదో వంతని తేలింది. నెట్ నెమ్మదిస్తే ఆ ఖాళీ సాగుతుంది. అప్పుడు జనం తప్పుపట్టేది లైనును కాదు, అవతలి మనిషిని: ‘ఈయన మనసుపెట్టి వినడం లేదు’ అని. కౌన్సెలరుకు అంతకన్నా నష్టం ఏముంటుంది?

అందుకే మౌనం గురించి మొదటి సెషన్‌లోనే మాట్లాడేసుకోవాలి. నేను ఇలా చెబుతాను: “మధ్యలో మాట్లాడాలనిపించకపోతే ఊరుకోండి, తొందరేం లేదు. నేనున్నానని తెలిసేలా తల ఊపుతుంటాను. బొమ్మ ఆగిపోతే మాత్రం నేనే ఫోన్ చేస్తాను, మీరు చెయ్యకండి.” ఆ చివరి ముక్క వదలొద్దు. ఇద్దరూ ఒకేసారి చేసుకుంటే ఇద్దరికీ బిజీ వస్తుంది.

ఇక ఊఁ కొట్టడం. ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్పేవాళ్లకు ఊపు, నిజమే. కానీ స్పీకర్లలో మాట్లాడుతుంటే, ప్రతిధ్వని రాకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఒకవైపు గొంతు తగ్గించేస్తుంది. క్లయింట్ “ఆ రోజు నాన్న నన్ను...” అంటుండగా మీరు ఊఁ అన్నారంటే తర్వాతి ముక్క మీకు చేరకపోవచ్చు. మళ్లీ చెప్పమంటే చెబుతారు గానీ అదే గొంతుతో చెప్పరు. ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. అయినా సరే, ఊఁ బదులు నిదానంగా తల ఊపడమే అలవాటు చేసుకోండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. చప్పుళ్లను వడగట్టే నాయిస్ సప్రెషన్ ఫ్యాన్ హోరుతో పాటు నిట్టూర్పునీ, ముక్కు ఎగబీల్చిన చప్పుడునీ మింగేయగలదు. ఏడుపు మొదలైనా మీకు వినబడదు. జూమ్‌లో దీనికి విరుగుడుగా, చప్పుళ్లను వడగట్టకుండా పంపే ‘ఒరిజినల్ సౌండ్’ ఉంది, కానీ దాన్ని ఆన్ చెయ్యాల్సింది క్లయింటు వైపు. వాళ్ల గది ప్రశాంతంగా ఉంటే అడిగి చేయించండి.

మౌనం వచ్చేసిందనుకోండి. ఇది కల్పించిన ఉదాహరణ:

క్లయింట్: అమ్మ పోయాక ఆ గది తలుపు తియ్యలేదు నేను.
(మౌనం. కనురెప్పలు కదులుతున్నాయి. కౌన్సెలర్ కాస్త ముందుకు వంగి తల ఊపుతారు. ఇంకా మౌనం.)
కౌన్సెలర్: ఉన్నాను. మీరు నిదానంగానే చెప్పండి.
క్లయింట్: తీస్తే... ఇంక అమ్మ లేదని ఒప్పేసుకున్నట్టు కదండీ.

కౌన్సెలర్ కనురెప్పలు చూసి లైను బాగానే ఉందని తెలుసుకున్నారు. అలా కాకుండా “హలో, వినబడుతోందా?” అని ఉంటే “ఆఁ, వినబడుతోందండీ” అనే జవాబు వచ్చేది, తలుపు సంగతి అక్కడితో సరి. “ఇప్పుడు మీకేమనిపిస్తోంది?” అనే ప్రశ్న కూడా ఇక్కడ అనవసరపు తొందరేనని నా అభిప్రాయం.

అన్ని మౌనాలకూ ఇంత ఓపిక పనికిరాదు. చూపు పక్కకు పోయి, జవాబులు ఒక్కసారిగా పొడిపొడిగా మారితే గదిలోకి ఎవరో వచ్చి ఉండొచ్చు. అవును, కాదు అని చెబితే సరిపోయే ప్రశ్న వెయ్యండి: “ఇప్పుడు మాట్లాడటం ఇబ్బందిగా ఉందా?” చావు మాట ఎత్తి ఆగిపోతే అసలు ఎదురుచూడొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఆ సమయంలో లైను తెగితే వెంటనే ఫోన్, ఎత్తకపోతే మొదట్లో రాసుకున్న అత్యవసర నంబరు.

ఈ వారం అభ్యాసం: స్నేహితులెవరితోనైనా 15 నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడండి. వాళ్లు చెప్పాలి, మీరు ఊఁ అనకుండా వినాలి. మీ బొమ్మ మీకు కనబడకుండా సెల్ఫ్ వ్యూ తీసేయండి, లేకపోతే కళ్లు అటే పోతాయి. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేసి, వాళ్లు ఆగిన ప్రతిచోటా మీ ముఖం ఏం చేస్తోందో చూసుకోండి. తర్వాత వాళ్లను ఒకే ప్రశ్న అడగండి: నేను వినడం లేదేమోనని ఎక్కడైనా అనిపించిందా? జవాబు రాసిపెట్టుకోండి. ముఖమే కనబడని చాట్ కౌన్సెలింగ్ గురించిన 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.